గేజీ రాయి

అధికారిణి పొద్దున్నే వచ్చింది,
చేతిలో పలక లాంటి ట్యాబు.
మంచాలు లెక్కెట్టింది. ఇరవై మూడు.
ఫ్యాన్లు తిరుగుతున్నాయా అని తలెత్తి చూసింది.
ఇవాళ అన్నీ తిరుగుతున్నాయి.
ఇవాళ దుప్పట్లకి గంజివాసన,
ఇవాళ మనిషికో చక్కెరకేళీ.

"బాగా చూస్తున్నారా తాతగారూ?"
"ఆయ్, బాగానే అండి" అన్నాను.
లొల్ల లాకుల దగ్గర
ముప్పై ఒక్క ఏళ్ళు లస్కరు పని చేసినోణ్ణి.
పై ఇంజనీరు జీపు దిగే రోజున
ఏ కాలవైనా నిండుగానే పారుతుంది.

నీళ్ళని నమ్మకూడదమ్మా, రాయిని చూడాలి.
గేజీ రాయి మీద పాచి ఎక్కడిదాకా ఉందో
అక్కడిదాకా నీళ్ళు నిలిచినట్టు,
ఇవాళ కాదు, నువ్వు రాని రోజుల్లో.

ఇక్కడ ఆ గుర్తు ఎక్కడుందో చెప్పనా?
మూడో మంచం పేరమ్మ నడుం కింద చూడు.
నాలుగేళ్ళయింది లేచి,
ఒక్క పుండు లేదు.
రాత్రంతా రెండు గంటలకోసారి
పక్కకి తిప్పే చేతులు
నీ ట్యాబులో ఏ గడిలో పడతాయి?
ఆ చేతులు సువార్తవి.
తెల్లారగట్ల నీళ్ళు తోడి
ముందు తన మోచెయ్యి ముంచుకుంటుంది
చంటిపిల్లకి పోసేముందు చూసుకున్నట్టు.
నా చొక్కా విప్పేముందు తలుపు గడియ వేస్తుంది.
డెబ్భై తొమ్మిదేళ్ళ ఒంటికీ సిగ్గుంటుందని
ఎవరు చెప్పారో ఆవిడకి.

అయితే
తలగడ కింద నా పుస్తకం కూడా ఉంది.
లాకు దాటే పడవలు రాసిన చెయ్యి,
ఎగువకి ఎన్ని, దిగువకి ఎన్ని, ఏ వేళకి.
ఊరుకోదు.
ఇప్పుడు బెల్లు నొక్కిన వేళ, మనిషి వచ్చిన వేళ.

పదకొండో తారీకు. నొక్కింది రెండూ పది. వచ్చింది రెండూ ఇరవై.
పదిహేను. నొక్కింది మూడింటికి. వచ్చింది మూడూ నలభై ఐదు.
ఆ రాత్రి తడిసిన పంచెలో పడుకుని
కప్పల అరుపులు విందామనుకున్నాను.
కాలవలు కట్టేసిన నెల, కప్పలూ లేవు.
పంతొమ్మిది. బెల్లు మోగలేదు.
గ్లాసుతో గోడ కొట్టాను.
ఎదురు రాయాల్సిన వేళ ఖాళీ.

ఈ పుస్తకం నీ చేతికిస్తే
ఎవరి మెడకి చుట్టుకుంటుందో నాకు తెలుసు.
చీకటి పడ్డాక ఇన్ని మంచాలకీ
సువార్త ఒక్కతే.
పదిహేనో తారీకు ఆ ముప్పావు గంటా
ఆవిడ తొమ్మిదో మంచం దగ్గరుంది,
వీర్రాజుగారి తల ఒళ్ళో పెట్టుకుని,
చెంచాతో నీళ్ళు తడుపుతూ.
ఆయన తెల్లారేదాకా ఆగలేదు.

మూడు లాకులకి ఒక్క లస్కరుని వేసిన ఏడు
గట్టు తెగింది.
నాట్లు మునిగాయి, ఎంక్వైరీ అయింది,
సస్పెండు చేసింది లస్కరుని.
ఆ లస్కరుని నేనే.

"ఇంకేమైనా చెప్పాలా తాతగారూ?"
వెనకాల మేనేజరు నవ్వుతూ నిలబడ్డాడు.
నా చెయ్యి తలగడ కిందకి పోయింది,
వచ్చేసింది, మళ్ళీ పోయింది.
పుస్తకం తియ్యలేదు.
చివరి కాయితం చింపి, బల్ల మీది పెన్ను అడిగి,
గేజీ రీడింగు రాసే పాత అంకెలతో
పెద్దగా రాసిచ్చాను.
మంచాలు 23. రాత్రి మనిషి 1.

ఆవిడ చాలాసేపు చూసింది.
తెర మీద పైకీ కిందకీ వేలు జరిపింది.
"ఈ గడి ఇందులో లేదండీ" అంది మెల్లగా.
"లేకపోతే గియ్యమ్మా" అన్నాను.
మేనేజరు నవ్వు ఆపి ఫ్యాను వంక చూశాడు.

ఏడింటికి సువార్త డ్యూటీ ఎక్కింది.
అరటితొక్కలు ఏరుతూ
"నా మీద ఏం చెప్పేరేంటి భూషణంగారూ?" అంది.
"పేరమ్మని తిప్పు ముందు,
టైమయింది" అన్నాను.