ఐదు శాతం

హైదరాబాదు నుంచి రావాల్సిన సీసా
మూడో రోజు పొద్దుమీకి బస్సుల దిగింది.
మూత తీయకముందే తెలిసిపోయింది:
ఎండకు కణాలు పగిలి
దానిమ్మ షర్బతు లెక్క తేటబడ్డ రక్తం.
మొయిన్ భాయ్ వెలుతురుకెత్తి చూసి
"రంగునీళ్లు బిడ్డా" అన్నడు.

దేవరకద్ర దాటినంక మా మంద.
నూట పద్దెనిమిది నల్ల జీవాలు.
ఫ్రిజ్‌ల లేని రక్తం అక్కడ నడుస్తుంటది,
తుమ్మకాయలు నములుతుంటది.

మేడం ఫారం నింపమన్నది.
కమిటీ చూడాలె, సంతకాలు కావాలె.
జాతి: దక్కనీ.
వయసు ఫోన్ల అడిగితే
నాయిన నోరు తెరిచి చూసి చెప్పిండు, "నాలుగు పండ్లది."
రెండేండ్లు అని రాసిన.
చెవిమీద మచ్చ ఉంటది, సుక్కది అంటం.
ఆ పేరు పట్టే గడి కాగితంల లేదు.

ఉన్ని కత్తిరించే మనిషే కని
సూది చూస్తే మొహం తిప్పుకుంటడు నాయిన.
మెడ కింద బొచ్చు తనే తీసి,
నరం ఉబ్బేదాక బొటనవేలు అదిమి,
పశువుల డాక్టరు గుచ్చుతుంటే
"నిమ్మలం, నిమ్మలం" అన్నడు.
గొర్రెతోనా నాతోనా, తెల్వదు.

ఫ్లాస్కుల గాజుపూసలు.
వెచ్చటి రక్తం పడంగనే తిప్పుడు మొదలు.
పది నిమిషాలు, ఒక్కటే తీరుగ.
చెయ్యి ఆగితే గడ్డకడ్తది.
రక్తానికి పుట్టుకతోని వచ్చిన పని అదే గద,
గాయం కనబడితే ఉరికొచ్చి అడ్డం పడుడు.
ఆ గుణాన్నే పూసలకు చుట్టి బయటికి తీస్తం.
మిగిలింది ఎర్రగనే ఉంటది, కదుల్తనే ఉంటది,
ఏ గాయాన్నీ గుర్తుపట్టదు.

"సల్ల చిలికినట్టున్నది" అన్నడు నాయిన,
"వెన్న ఏది?"
పూసలకంటిన తెల్లటి పోగులు చూపించిన.
రెండు వేళ్ల నడుమ నులిమి చూసిండు,
కదురు తిప్పిన వేళ్లు.
"ఇది వడకరాదు" అన్నడు.

ఐసు డబ్బా ఒడిల పెట్టుకొని బస్సెక్కితే
చేపలా అని అడిగిండు కండక్టరు.
గొర్రె అన్న.
టికెట్ కొట్టనా అని నవ్విండు.

బండమీదిపల్లి ల్యాబ్‌ల థర్మామీటరు పగిలి రెండు నెలలాయె.
ఉడికిన అగర్ ఫ్లాస్కును చెంపకు ఆనించి చూడాలె.
ఓర్చుకునేటంత వేడి ఉన్నప్పుడే పోయాలె.
ముందుగాల పోస్తే చాక్లెట్ రంగు తిరుగుతది,
ఆలస్యమైతే ఉండలు కడ్తది.
తొంభై ఐదు పాళ్లకు ఐదు పాళ్లు సుక్కది.
నా చెంప మీద ఇంకా ఉన్నది ఆ కొలత.

కోయిలకొండ హాస్టలు పిల్లల గొంతుల నుంచి
తెచ్చిన దూది పుల్లలు పదకొండు.
ఆ అనమంటే ఆరో తరగతి పిల్లొకతి
ఆ అనలేక ఏడ్చింది. ఆమెది ఏడో నంబరు.
తీగ కాల్చి, చల్లార్చి,
దుక్కి దున్నినట్టు గీతలు గీసిన.
పన్నెండో ప్లేటు మీద ఏమీ గీయలే.
దాని మీద ఏదీ మొలవకపోతేనే
మిగతా పదకొండింటిని నమ్మాలె.

రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
ఇంక్యుబేటర్ లోపల ముప్పై ఏడు, ముప్పై ఆరున్నర...
మొయిన్ భాయ్ నా గొంగడి తెచ్చి దాని మీద కప్పిండు.
ఈ సంగతి పద్ధతుల అధ్యాయంల రాయాల్నా వద్దా,
మేడంను ఇంకా అడగలే.

తెల్లారినంక ఏడో ప్లేటును కిటికీకి పట్టుకున్న.
ఆవగింజంత లేవు చుక్కలు.
ఒక్కో చుక్క చుట్టూ రక్తం కరిగి
అద్దం లెక్క తేటైన గుండ్రం.
బల్ల మీద పరిచిన పాత పేపరు మీద పెడితే
ఆ గుండ్రంల నుంచి రెండక్షరాలు చదవొచ్చినయ్: పల్లి.
వేరుశెనగ ధరనో, ఊరి పేరు తోకనో.
పన్నెండో ప్లేటు ఎర్రగ, నున్నగ, ఉత్తగ ఉన్నది.

వార్డెన్‌కు ముందు ఫోన్ చేసిన. డాక్టరుకు చూపించమన్న.

నాలుగు దినాలకు నాయినకు చేసిన.
"సుక్కది మేస్తున్నదా?"
"మంచిగ మేస్తున్నది.
ఆ పిల్ల మింగుతున్నదా?"