నడిచిన మైలుకే

ముప్పై ఒక్కేళ్ళు జీతానికి నడిచాను,
భుజాన పోస్టు సంచి, వెనకాల ఎవరిదో ఒక కుక్క.
ఇప్పుడు ఊరికే నడుస్తానంటే
స్ట్రామ్‌నెస్‌లో ఎవరూ నమ్మలేదు.

ఫిబ్రవరి నెలంతా, రోజుకి ఐదు మైళ్ళు,
లైఫ్‌బోటు కోసం.
వయొలా రెండల్ మైలుకి పౌను రాసింది,
"నీ మోకాలిని చూసే ఇంత ధైర్యం" అని నవ్వింది.
మాన్సీ ఇజ్బిస్టర్ మాత్రం
కళ్ళజోడు తుడుచుకుని కాగితం రెండుసార్లు చదివాడు.
ఎంగిలి చేత్తో సీగల్‌ని కూడా తోలడని పేరు.
"మైలుకి పది పెన్నీలు. నడిచిన మైలుకే."
'నడిచిన' కింద గీత కూడా గీశాడు.

రెండోరోజు నుంచే నా వెనక బూట్ల చప్పుడు.
నేను ఆగితే తనూ ఆగి
గోడ రాళ్ళని కొనబోతున్నవాడిలా పరీక్షించేవాడు.
తడి పలకల వీధి, శ్మశానం మలుపు,
తిరుగుదారిలో ఫెర్రీ దీపాలు,
మా గుమ్మం దగ్గర జేబులోంచి పెన్సిలు ముక్క,
సిగరెట్ పెట్టె మీద ఒక గీత.
వడ్డీవ్యాపారికైనా అంత శ్రద్ధ ఉండదు.

పద్నాలుగో రోజు గాలి.
ఫెర్రీ రాలేదు, పాలు రాలేదు.
గుమ్మం దాటబోతే
డబ్బా మూతని విసిరినట్టు నన్ను లోపలికే విసిరింది.
సరే, వంటింటి బల్ల చుట్టూ అనుకున్నాను.
చుట్టుకి తొమ్మిది అడుగులు,
నా లెక్కన పదకొండు వందల చుట్లు.
నాలుగు వందల దగ్గర తల తిరిగింది, లెక్క తప్పింది.

కిటికీ మీద టకటక.
ఉప్పు పట్టిన అద్దం అవతల మాన్సీ,
టోపీని రెండు చేతులా అదిమి పట్టుకుని
"నాలుగు వందల పన్నెండు!" అని అరుస్తున్నాడు.

లోపలికి లాగి టీ పోశాను.
"ముప్పై ఏళ్ళ కిందట" అన్నాడు, కప్పుతో చెబుతున్నట్టు,
"హోయ్ దీవి అవతల నా పడవ తిరగబడింది.
అర్ధరాత్రి వచ్చి నన్ను పైకి లాగారు.
బిల్లు వస్తుందనుకున్నాను.
పొద్దున్నే నీ సంచి కనబడితే చాలు, గుండె జారిపోయేది.
ఎన్నాళ్ళకీ తేలేదు నువ్వు."

తేలేదు, నిజమే.
ఏం తెచ్చానో ఏం తేలేదో
నాకెప్పుడూ తెలిసేది కాదు.

కోటు విప్పకుండానే లేచాడు.
"ఇంకా ఆరు వందల ఎనభై ఎనిమిది" అంటూ
బల్లకి అటువైపు నుంచి మొదలెట్టాడు.

నెలాఖరున పద్నాలుగు పౌన్లు, పెన్నీ ఎక్కువ లేదు,
సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు.
ఆపైన ఒక కవరు,
అంచులు పచ్చబడి, మీద ఎప్పటిదో పాత స్టాంపు.
లైఫ్‌బోటు షెడ్డులో ఇవ్వమన్నాడు.
బరువుగా ఉంది.
ఒకరి కవరు విప్పే అలవాటు నాకు లేదు.

మా ఇంటి నుంచి షెడ్డు అరమైలు.
అప్పటికే మార్చి వచ్చేసింది,
ఆ అరమైలు ఎవరి ఖాతాలోనూ లేదు.