తాళంచెవి పక్కకు జరిపాను

సీసా పెట్టడానికి చోటు చాలక
ఆ తాళంచెవిని నేనే పక్కకు జరిపాను.
దానికి ఎర్రదారంతో బుల్లి గంట కట్టి ఉంది.
జరిపితే మోగింది.
నేను చేసింది అంతే.
చట్టానికి అంత చాలు.

ఓగా రేవులో పదకొండు స్టూళ్ళ కొట్టు నాది.
హతహత చేపలు ఒడ్డుకొచ్చే డిసెంబరు,
మంచు పైనుంచి కాదు, సముద్రం మీంచి అడ్డంగా కురుస్తోంది.
షిగెహిసా ఆ రోజు వల నిండా పట్టాడు.
పక్కన తత్సురో, ఏమీ పట్టనివాడు.
ఒకడి సంతోషానికీ ఒకడి దిగులుకీ
ఒకే గిన్నెలో వేడినీళ్ళు కాచి సాకే వెచ్చబెట్టాను.
ఎన్ని సీసాలో ఆ రాత్రి లెక్కపెట్టలేదు.
తర్వాత లెక్కపెట్టారు.

రెండున్నరకి, వంతెన మలుపులో,
పేపర్లు వేసే తొకికో గారి మోపెడ్.
తొడ ఎముక మూడు ముక్కలు.
తెల్లారితే ఊరు చదవాల్సిన వార్తలన్నీ
మంచులో తడిసి పరుచుకున్నాయి.
ఆ మర్నాటి వార్తల్లో మేం ముగ్గురం ఉన్నాం.

పోలీసు కుర్రాడు, మీసాలైనా సరిగా రాలేదు,
చాలా మర్యాదగా అడిగాడు:
"వాళ్ళు బండిలో వచ్చారని మీకు తెలుసా, కినుయె గారూ?"
నలభై ఏళ్ళు ఊరికి సాకే పోసినదాన్ని
ఆ పూట నీళ్ళు నమిలాను.
గంట మోగిన చప్పుడు చెవిలో ఉంది.
"తెలుసు" అన్నాను.
అతను రాసుకున్నాడు.
ఆ ఒక్క మాట రాయడానికి
ఎంతసేపు పట్టిందో.

షిగెహిసాకి జైలు. అది అందరూ అనుకున్నదే.
తత్సురో స్టీరింగ్ ముట్టుకోలేదు,
"దారిలో నన్నూ దింపెయ్యి" అన్నాడంతే.
ఆ మాటకి జరిమానా పడింది, లైసెన్సు పోయింది.
నాకు మూడు లక్షల యెన్‌లు.
సీసా ఐదొందలు. ఆరువందల సీసాలు.
ఆరువందల సార్లు మణికట్టు వంచితే వచ్చేది
ఒక్కసారి వంచినందుకు కట్టాను.
బాధ పంచుకుంటే తరుగుతుందంటారు,
శిక్ష అలా కాదు.
ముగ్గురికి పంచినా ఎవరి వాటా వాళ్ళకి
నిండుగానే వచ్చింది.

మొదట్లో కోపం వచ్చింది, దాచను.
కత్తి అమ్మినవాణ్ణి అడుగుతారా ఎవరైనా,
బియ్యం అమ్మినవాణ్ణి అడుగుతారా అని
ఖాళీ కొట్టులో గోడలతో వాదించాను.
గోడలు ఒప్పుకున్నాయి.
నా చెయ్యే ఒప్పుకోలేదు.

ఆసుపత్రికి వెళ్ళాను, కమలాపళ్ళతో.
తొకికో గారు తిట్టలేదు.
"వాళ్ళు ఆ రాత్రి ఏం తిన్నారు?" అంది.
"హతహత. ఉప్పేసి కాల్చింది."
"బాగుందన్నారా?"
"అన్నారు."
ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.
పళ్ళ సంచి ఎక్కడ పెట్టాలో తెలీక
చాలాసేపు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

ఇప్పుడు గుమ్మం పక్కన చెక్క, దానికి పదకొండు మేకులు.
తాళంచెవి తగిలించాకే గ్లాసు.
"ఏం తీసుకుంటారు" కన్నా ముందు
"ఎలా వెళ్తారు" అని అడుగుతాను.
కొందరు నవ్వి తగిలిస్తారు,
కొందరు మొహం గంటు పెట్టుకుని
ఎదురు కొట్టుకి పోతారు.
పోనీ.

నిన్న రాత్రి తలుపు జరిగింది.
షిగెహిసా.
భుజాల మీద మంచు, మూడు కిలోమీటర్లు నడిచొచ్చిన కాళ్ళు.
మేకుల వంక చూశాడు,
తగిలించడానికి ఏమీ లేని చేతులు
జేబుల్లోకి తోసుకున్నాడు.
"బార్లీ టీ" అన్నాడు.
అదే స్టూలు.
కప్పు పెట్టబోతూ, అలవాటున,
అక్కడ లేనిదాన్ని
పక్కకు జరిపాను.

ఇద్దరం విన్నాం,
అది మోగకపోవడం.