నిలబడి చదివిన పాఠం

పంతొమ్మిదేళ్లుగా నిలబడే ఉన్నాను,
కాంప్లెక్స్ నుంచి భీమిలికి, భీమిలి నుంచి కాంప్లెక్స్‌కి.
కండక్టరుకి సీటు ఉంది, పేరుకి.
దాని మీద ఎప్పుడూ ఎవరిదో చేపల గంప,
లేకపోతే ఎవరిదో చంటిపిల్ల.

ఈ పాదాలకి ఇప్పుడు తెలిసింది
అప్పట్లో చేతికి తెలియలేదు.
ఇంటర్ ఫిజిక్స్‌లో ఇరవై రెండు మార్కులు.
"వడికీ వేగానికీ తేడా రాయలేదేటి, నూకరత్నం?"
జోగినాథం మాస్టారు పేపరు మడిచి ఇచ్చారు.
రెండూ ఒకటే అనుకున్నాను మరి.
పరిగెత్తేవాణ్ణి ఎటు అని ఎవరడుగుతారు?

ఆదివారం మా అక్క కూతురు లిఖిత
పుస్తకం చంకనెట్టుకుని నా బస్సెక్కింది.
"త్వరణం అంటే వేగం మారే రేటట పిన్నీ.
రేటంటే ఏటి?"
నాకు తెలిసింది వంజరం రేటు.
"కడ్డీ వదిలి నిలబడు" అన్నాను.

లాసన్స్ బే దగ్గర రోడ్డు తిన్నగా ఉంది.
పోలినాయుడు ముల్లుని నలభై మీద పెట్టి వదిలేశాడు.
అతని పక్కన గాజు గ్లాసులో టీ
ఇంట్లో గూట్లో పెట్టినట్టుంది.
నిద్రపోతున్న ముసలాయన తల
జారాల్సిన భుజం మీదకి ఇంకా జారలేదు.
"కదులుతున్నామా?"
"కిటికీలోంచి చూస్తే తెలస్తంది."
"అదీ. ఎంత వేగమైనా ఒళ్లు పట్టించుకోదు.
మారితేనే ఉలిక్కిపడుతుంది."

కైలాసగిరి కింద మలుపు.
ముల్లు నలభై మీదే. వెంట్రుకంతైనా కదల్లేదు.
లిఖిత మాత్రం సముద్రం వైపు తూలి
ఎవరి గొడుగో పట్టుకుంది.
"వడి మారలేదు కదా పిన్నీ!"
"దిక్కు మారింది కదే."
బస్సుని రోడ్డు కొండ వైపు లాగుతుంటే
మనం మాత్రం సముద్రమే లాగిందని చెప్పుకుంటాం.
మాస్టారూ, ఇదిగో నా జవాబు,
ఇరవై ఏళ్లు ఆలస్యంగా, గొడుగు సాక్షిగా.

సాగర్ నగర్ దాటామో లేదో ఒక ఆవు.
పోలినాయుడి కాలు బ్రేకు మీద,
లిఖిత నా సంచి మీద,
నా సంచి ముందు సీటు పెద్దమ్మ మీద,
టీ మొత్తం పోలినాయుడి ఖాకీ చొక్కా మీద.
ఆవు తన స్థిరవేగంతో రోడ్డు దాటింది.
"ఇదేనా మైనస్ త్వరణం?" లేస్తూ అడిగింది లిఖిత.
"మైనస్ అంటే తక్కువని కాదు. ఎదురని."
పెద్దమ్మ నన్ను తిట్టిన తిట్లు
ఏ దిశలో వెళ్లాయో రాయను.

భీమిలిలో బస్సు ఖాళీ.
లైట్‌హౌసు నీడలో ఆఖరి డౌటు తీసింది:
"పైకి విసిరిన రాయి చిట్టచివర వేగం సున్నా.
అక్కడ త్వరణం కూడా సున్నాయే కదా?"
నేనూ అదే రాశాను ఆనాడు,
గుండ్రంగా, నమ్మకంగా.
సంచిలోంచి రెండు రూపాయల బిళ్ల తీసి ఎగరేశాను.
ఎక్కింది, మెల్లగైంది, ఆగింది,
అనుకునేలోపే అరచేతిలో ఉంది.
"అక్కడ రెండూ సున్నాలైతే
ఈ బిళ్ల అక్కడే వేలాడాలి కదే,
మన నెత్తి మీద, జీతాల రోజు దాకా."
నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి
ఏదో కొట్టేసి, ఏదో రాసుకుంది.

ఆమె ఐస్ కొనుక్కోవడానికి వెళ్లాక
మళ్లీ ఎగరేశాను, ఊరికే.
ఫలితాలొచ్చిన ఆ వేసవి
కంచరపాలెం మెట్ట మీద, గడప దగ్గర
మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చున్న గుంట.
దీని పని ఆగిపోయిందన్నారంతా. నేనూ అన్నాను.
ఏదో మాత్రం లాగడం మానలేదు,
ఎక్కేటప్పుడూ అంతే, దిగేటప్పుడూ అంతే,
ఏమీ కదలని ఆ క్షణంలోనూ అంతే.
పైకేం తీసుకెళ్లలేదు. అబద్ధమెందుకు?
నేల మీదకి తెచ్చింది,
ఈ బస్సు నేల మీదకి.

పోలినాయుడు తడి చొక్కాతోనే ఎక్కాడు.
"రైట్" అన్నాను.
ఎక్కినవాళ్లంతా ఒక్కసారి వెనక్కి వాలారు,
మరిచిపోయిందేదో గుర్తొచ్చినట్టు.