ఐదు గళ్ళు

నర్సాపురం రేవులో పంటు మీద టిక్కెట్లు చింపుతాను.
మనిషికి ఇంత, బండికి ఇంత, మేకకి బేరం.
పదో తరగతిలో ఇంగ్లీషు నన్ను రెండుసార్లు ముంచింది,
మూడోసారి నేనే దిగలేదు.

పొద్దున ఏడుంబావు పంటుకి రూతమ్మ టీచరు ఎక్కుతుంది,
సఖినేటిపల్లి అవతల ఏదో బడి.
ఇంజను గది పక్కనే నిలబడి వస్తుంది.
ఓ రోజు చిల్లర తక్కువైతే
బాకీ బదులు ఓ పొడుపు ఇచ్చింది:
"ఐదక్షరాలు, నూకరాజూ. మొదట ఆర్, చివర ఆర్.
అవతలి రేవు తగిలేలోగా చెప్పాలి."

టిక్కెట్టు వెనక ఐదు గళ్ళు గీశాను.
రెండు చివర్లా రెండు ఆర్‌లు గుంజల్లా పాతాను.
పంటు సగం దాటింది. ముప్పాతిక దాటింది.
తలెత్తితే
ఇటు ఒడ్డు, అటు ఒడ్డు, మధ్యలో ఇది.
రివర్, అన్నాను.
గొలుసు పట్టుకున్న కుర్రాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

అప్పట్నించి రోజుకొకటి.
ఆర్‌లు రెండూ పక్కపక్కన కూర్చున్నది మా ఫెర్రీయే.
డీలు రెండు, చివర వై: చేలో ఉన్నన్నాళ్ళూ పేడీ,
వండితే ఆ పేరు పోతుందట.
ఏ, ఎన్, ఏ వరసగా వచ్చేది లాకుల దగ్గర దొరికింది.
ఓసారి నేనే లంక అన్నాను.
ఎల్, ఏ, ఎన్, కే, ఏ. లెక్క సరిపోయింది.
"అది మన మాటయ్యా, చెల్లదు" అంది.
మనకి రెండు గళ్ళలో ఇమిడే నేల
వాళ్ళకి ఐదిచ్చినా పట్టదు.

మన అక్షరం సంసారి అండీ,
గుడినీ కొమ్మునీ ఒత్తునీ ఒక్క గదిలో పడుకోబెడుతుంది.
ఇంగ్లీషులో ఎవరి గది వాళ్ళకే కావాలి.
కొందరు గది తీసుకుని కూడా నోరు విప్పరు.

శ్రావణ శుక్రవారం, నీళ్ళు ఎర్రబడ్డ రోజు,
దిగుతూ అడిగింది:
"ఐదు. మూడోదీ నాలుగోదీ ఓ. ఆఖర్న డి. సాయంత్రం చెప్పు."

సాయంత్రం పంటు లేదు.
ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఇచ్చారు.
నాలుగు మోకులేసి పంటుని కట్టేశాం.
టీచరు అవతలే ఉండిపోయింది.
ఆవిడ నంబరు నా దగ్గర లేదు,
టిక్కెట్టు మీద నంబరుంటుంది గానీ అది టిక్కెట్టుది.

తొమ్మిది రోజులు పని లేదు, గళ్ళు ఉన్నాయి.
బ్లడ్. ఆసుపత్రి బోర్డు మీద చూసిందే.
ఫ్లడ్. దాన్ని వెతకక్కర్లేదు, మెట్లెక్కి వస్తోంది,
పొద్దున ఏడో మెట్టు, మధ్యాహ్నానికి పదకొండు.
బ్రూడ్. కోడి కింది పిల్లలట, టీకొట్టు కుర్రాడి ఫోను చెప్పింది.
అవే రెండు ఓలు, ఓ చోట అ అంటాయి, ఓ చోట ఊ అంటాయి.
ఇలాంటివాళ్ళతోనా నేను పదో తరగతిలో తలపడింది!

నీళ్ళు తీశాక మొదటి పంటులో ఇటొచ్చింది.
చీర మీద మోకాలి ఎత్తున ఒండ్రు గీత.
బల్ల దాటకముందే ఫ్లడ్ అన్నాను.
"సరిపోతుంది. నేననుకున్నది అది కాదు."
బ్లడ్డా? కాదు. కోడిపిల్లలా? కాదు.
"స్టుడ్" అంది.
నిలబడటం, అయిపోయాక.

బడి మేడ మీద లంకవాళ్ళు నూటపది మంది,
మెట్ల మీద రెండు గేదెలు,
రాత్రంతా ఎవరికీ నడుం వాల్చే జాగా లేదట.
"ఆ శుక్రవారం నాకేం తెలుసు" అంది.

ఎవరండీ, అని అడిగాను. మనకైతే
నిలబడ్డాను, నిలబడ్డావు, నిలబడింది,
మాట తోకలోనే మనిషి దొరుకుతాడు.
"ఇందులో దొరకరు. ఎవరైనా అదే మాట."

వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నారు.
తడిసిన టిక్కెట్టు మీద ఖాళీగా ఉన్న రెండు గళ్ళలో
ఎస్, టి రాసుకుని జేబులో పెట్టుకున్నాను.
మొదటిరోజు చిల్లర ఆవిడింకా బాకీ.
నేను అడగను.