మూడుసార్లు ఆడించిన రాగులు

బైరాగిపట్టెడ సందులో నా పిండిమర.
మూడు కేజీల రాగులు తెచ్చి
మెత్తగా ఆడించమన్నాడు దెరెజే.
"సంగటికి బరకే బాగుంటాదప్పా" అంటి.
"సంగటికి కాదన్నా, సంవత్సరాదికి."

సెప్టెంబరు పదకొండున ఏం సంవత్సరాది?
నా ఉగాది అయిపోయి
వేపకాయలు పండి రాలి, గింజలు కూడా తొక్కుడు పడిపోయె.
వాళ్ల ఇథియోపియాలో వానలు ఎనక్కి మళ్లే దినమంట,
గుట్టలన్నీ పసుపు పూలంట.
వాళ్ల లెక్క మన లెక్కకన్నా
ఏడేండ్లు ఎనకంట.

ఏడేండ్ల కిందట
నా కుడిచేతి ఉంగరం వేలు నా దగ్గరే ఉండె.
బెల్టు తినింది ఆ మరుసటేడు.

ఆ మాట అనలేదు.
జల్లెడ మార్చి మళ్లీ పోసినా.
వాళ్ల గింజ గసాలకన్నా సన్నమంట,
చేతిలోంచి జారితే మళ్లీ కండ్లకు కనపడదంట.
ఈడ దొరకదు. మా రాగులే దానికి చుట్టం.
మూడోసారికి పిండి
నా కనురెప్పల మీద కూర్చునింది.

మూడు దినాలు పులియబెట్టినాడు.
మొదటి అట్టు పెనాన్ని వదల్లేదు.
రెండోది చిరిగె.
కింది పోర్షన్ చెంగమ్మత్త మెట్లెక్కి వచ్చి
"ఎర్రగడ్డ ముక్కతో రుద్దు నాయనా" అన్నాక
మూడోది కండ్లు కండ్లుగా లేచె.

సాయంత్రం మిద్దె మీది గది.
కోడి తెచ్చిన షఫీవుల్లా,
కరకంబాడి రోడ్డులో తంగేడు పూలు విరిచి
బ్యాగులో కుక్కుకొచ్చిన మునిలక్ష్మి,
ఊరిబిండి గిన్నెతో చెంగమ్మత్త.
"వారం పోతే పెరటాసి,
ఇంగ నెల్దాకా కోడి ముట్టను, పెట్టండ్రా" అనె.

వాళ్లమ్మ పంపిన కారం చాలక
మా చిత్తూరు కారం కలిపినాడంట.
ఎర్రటి పులుసులో ఉడకబెట్టిన గుడ్లు.
అంతా ఒకే తాంబాళంలో.

ఒకే తాంబాళంలో!
ఎంగిలి అని నేను అనలేదు,
కానీ నా నోటి లోపల ఎవరో అన్నారు.
"మాకిది అలవాటేలే" అని షఫీవుల్లా చెయ్యి పెట్టినాడు.
నేను చెయ్యి తొడ కింద పెట్టుకున్నా.
నాలుగు వేళ్లతో కలుపుతుంటే
నలుగురూ చూసే చూపు నాకు తెలుసు.
పెండ్లిండ్లలో కడపంక్తిలో కూర్చుంటా.

దెరెజే అట్టు తుంచి, పులుసు చుట్టి
నా నోటి దగ్గర పెట్టినాడు.
వాళ్ల మర్యాద అంట. వద్దనకూడదంట.
నోరు తెరిచినా.
పులుపు, కారం, ఎక్కడో రాగి వాసన,
నేను ఆడించిందే.
ఒకటితో సరిపోదని ఇంకోటి. మళ్లీ ఇంకోటి.
పిలకాయప్పుడు తప్ప
నా నోటికి ఇంకొకరి చెయ్యి రాలేదు.

"ఇప్పుడు నువ్వు నాకు" అని
నోరు తెరుచుకొని కూర్చున్నాడు ఆ ఆరడుగుల మనిషి.

తుంచినా. జారింది.
మళ్లీ తుంచినా.
వేలు లేని సందులోంచి పులుసు కారి
మోచేతి దాకా పోయె.
ఎవరూ చూడలేదని చెప్పను. చూసినారు.
చెంగమ్మత్త గట్టిగా నవ్వి
"నాకు పెట్టవా రెడ్డెప్పా" అనె.

తర్వాత పచ్చి కాఫీగింజలు పెనంలో వేయించి
సాంబ్రాణి పొగ వేసినాడు.
ఒక్కోరికి మూడు కప్పులు, తాగినాకే లేవాలంట.
మూడో కప్పు పేరు బరకా అన్నాడు.
"బరకత్!" అని షఫీవుల్లా గోడకు జారగిలబడి నవ్వినాడు.
నాకైతే బరక అంటే
మెత్తగా పడని పిండి.
కిటికీలోంచి ఘాట్‌రోడ్డు దీపాలు వంకరగా ఎక్కతా ఉండాయి.

"ఆడించిన కూలి ఎంతన్నా?"
"రాసిపెడతాలే" అంటి.
మర పలక మీద ఇంకా ఉండాది:
దెరెజే, రాగులు, ముప్పై రూపాయలు.
నిన్న అడిగితే
చిల్లర లేదని చెప్పినా.