సున్నాలు

నయీంనగర్ హాస్టల్ గదిల ఫ్యాన్ ఆపి,
లాప్‌టాప్ కింద రెండు లావు గైడ్లు వెట్టి కూసున్న.
తెర మీద జ్యూరిక్. ముగ్గురు.
నా ఎనుక దండెం మీది టవల్ కనవడుతదేమోనని నా రంది.

"జూలై పన్నెండు, పదమూడు, పద్నాలుగు
నర్సంపేటల వాన సున్నా.
పక్క మండలాలల్ల వరద.
ఈ సున్నాలను ఏం జేస్తవు?" అడిగిందామె.

ఎమ్మెస్సీల నేర్చినవన్నీ గొంతుదాక వచ్చినయి:
సగటు, విచలనం, పక్క స్టేషన్ల లెక్క.
ఆగిన.

ప్రాజెక్టు కోసం పోయిన్నాడు
ఆఫీసెనుక వానకొలత డబ్బా చూపెట్టిండు
అటెండర్ ఓదెలన్న.
"ఆ మూడొద్దులు చిన్నోనికి జరం.
నేను రాలే.
ఖాళీ ఇడిస్తే సారు తిడ్తడని
సున్నాలు చుట్టిన బిడ్డా."

"ముందుగాల సెలవుల రిజిస్టర్ అడుగుత" అన్న,
నాకొచ్చిన ఇంగ్లీషుల.
ముగ్గురు ఏదో రాసుకున్నరు.

ఇయ్యాల ఆఫర్ లెటర్ ప్రింట్ తీసుకుంట
జీతం కాడి సున్నాలు
వేలువెట్టి లెక్కవెట్టిండు జిరాక్స్ పిలగాడు.
మూడు రూపాయలిచ్చి
నర్సంపేట బస్సెక్కిన.

ఓదెలన్నా, నీ పేరైతే చెప్పలే.
అద్దం సగమే మూసుకుంటది ఈ బస్సుల,
మోకాలు తడుస్తున్నది.
నువ్వియ్యాల డ్యూటీల ఉన్నవో లేవో.